కంబమును నిలుపు తీగలు

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతములలో దారి వెంట నున్న విద్యుత్ స్తంభములను గమనింపుడు. తిన్నని వరుసలోని స్తంభమును రెండు ప్రక్కల తీగలు సమానముగా లాగుచుండును. కావున అది ఒరగదు. వరుస మలుపు తిరుగుచోటను, ముగియుచోటను లాగుడు ఒక ప్రక్కకే మిగులును. దానికి ఎదురుగా, ఏటవాలుగా భూమిలోనికి బిగించిన ఉక్కు తీగయే స్టే వైరు. తెరచాప పడవ కంబమును నిలబెట్టునవియు ఇట్టి తీగలే.

సోమశిల వద్ద కృష్ణలో తిరుగు పుట్టికి తెడ్డు చాలును. హైదరాబాదు హుసేన్ సాగరములో పిల్లలు నడుపు ఆప్టిమిస్ట్ పడవకు కంబము కలదు గాని, పొట్టిది గనుక తీగలు లేకయే నిలుచును. 4.70 మీటర్ల పొడవుగల '470' తరగతి పడవకు మాత్రము ముందొకటి, ప్రక్కల రెండు తీగలుండును.

తీగపై పడు లాగుడు, తీగకును కంబమునకును నడుమ గల కోణముపై ఆధారపడును. తీగ కట్టినచోట గాలి కంబమును 20 కిలోల బలముతో ప్రక్కకు నెట్టుచున్న దనుకొందము. కోణము 45 డిగ్రీలైనచో తీగపై లాగుడు సుమారు 28 కిలోలు. 30 డిగ్రీలైనచో 40 కిలోలు. పడవ వెడల్పు తక్కువ. కోణము 10 డిగ్రీలే అయినచో లాగుడు 115 కిలోలకు పెరుగును! కంబమును క్రిందికి నొక్కు బలమును దాదాపు అంతే.

అట్లయిన తీగను వీలైనంత బిగింపవచ్చునా? కూడదు. బిగువు మితిమీరినచో కంబము వంగును, పడవ అడుగు నలుగును. వదులైనచో గాలి విసురునకెల్ల కంబము ఊగి తీగను కుదుపును. ఆ కుదుపులకు పోగులు తెగును. పడవ సాగునపుడు గాలివైపు తీగ బిగిసి, రెండవ వైపు తీగ సడలును. అది వ్రేలాడనంతవరకు రెండు తీగలును కలిసి కంబమును కాచును. తగిన బిగువునకు ఇదియే గురుతు.

సవరించునపుడు మొదట కదలని నీటిపై కంబము కొన నుండి పడవ రెండు అంచులకును టేపుతో కొలిచి, దూరములు సమానము చేయుదురు. పిదప టర్న్‌బకిల్ అను మర బిగింపులను రెండు ప్రక్కల మార్చి మార్చి, కొంచెము కొంచెముగా త్రిప్పుదురు. బిగువును కొలుచుటకు సులభమైన ఉపాయము కలదు. పెద్ద పడవలలో వాడు 19 పోగుల స్టెయిన్‌లెస్ స్టీలు తీగ 2 మీటర్ల పొడవున 1 మిల్లీమీటరు సాగినచో, బిగువు దాని తెగు బలములో 5 శాతము. 3 మిల్లీమీటర్లు సాగినచో 15 శాతము. తీగ లావైనను ఈ లెక్క మారదు. లావుతోపాటు తెగు బలమును అదే పాళ్లలో హెచ్చును.

పడవ తీగను నేర్చినవారు సవరింపవచ్చును గాని, విద్యుత్ స్తంభపు స్టే వైరును మనము ముట్టరాదు. దుక్కికి అడ్డమని సడలించినను, గేదెను కట్టినను, స్తంభము ఒరిగి కరెంటు తీగలు చేతికందు ఎత్తునకు దిగవచ్చును. స్టే వైరు నడుమనున్న గుడ్డు ఆకారపు పింగాణి, పైనుండి కరెంటు క్రిందికి రాకుండ ఆపును. అది పగిలినచో ఆ రక్షణ పోవును. వదులైన స్టే వైరు కనబడినచో దూరముగా నుండి, వెంటనే లైన్‌మేనుకు తెలుపుడు.