చిత్తడి నేలలో తేయాకు చుట్టం

డిగ్రీ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పినన్నాళ్లూ తేయాకు కుటుంబం అనగానే బోర్డు మీద నడుం ఎత్తు టీ పొదనే గీసేదాన్ని. ఆకు కోతకు అందేలా కత్తిరిస్తూ ఉంటారు కనుక అది పొదగా ఉంటుంది, వదిలేస్తే చెట్టవుతుంది. ఆ కుటుంబంలోనే స్వేచ్ఛగా ఎదిగిన చెట్టును మా అమ్మాయి ఉండే నార్త్ కరోలినాలో చూశాను. పేరు లాబ్‌లాలీ బే, శాస్త్రీయ నామం గోర్డోనియా లాసియాంథస్.

నార్త్ కరోలినా నుంచి ఫ్లోరిడా దాకా, పడమరన మిసిసిపీ వరకు తీరప్రాంతపు చిత్తడి నేలలు దీని పుట్టిల్లు. 30 నుంచి 60 అడుగులు పెరుగుతుంది. ఆకులు దళసరిగా, నిగనిగలాడుతూ, అంచున చిన్న రంపపు పళ్లతో ఉంటాయి. సతతహరితమే అయినా ముదురాకులు ఒక్కొక్కటే ఎర్రబడి రాలతాయి. అందుకే పచ్చని కొమ్మల మధ్య ఎప్పుడు చూసినా నాలుగు ఎర్రటి ఆకులు కనిపిస్తాయి.

పూత వేసవిలో. అయిదు తెల్లని రేకులు, నడుమ గుత్తిగా పసుపుపచ్చటి కేసరాలు, తేలికపాటి సువాసన. చూడగానే మన పొన్నపువ్వు గుర్తొచ్చింది. అన్నీ ఒకేసారి విచ్చుకోవు, వారాల తరబడి కొన్ని కొన్నిగా పూస్తూనే ఉంటాయి. ఆనక గట్టి కాయలు ఎండి పగిలి, రెక్కల గింజల్ని విడుస్తాయి. పూర్వం దీని బెరడును తోళ్లు ఊనడానికి వాడేవారు.

మంట వచ్చి పైభాగం కాలిపోయినా మొదట్లోంచి మళ్లీ చిగురిస్తుంది. కానీ నేలలోని తడి పోతే తట్టుకోలేదు. పంటల కోసం, పైన్ తోటల కోసం కాలువలు తవ్వి అక్కడి చిత్తడి నేలల్ని చాలావరకు ఆరబెట్టారు. ఆకులూ వేర్లూ సగం కుళ్లి పేరుకున్న ఆ నేల వేల ఏళ్ల కర్బనాన్ని దాచుకుంటుంది. ఎండితే అదే నిప్పంటుకుని లోలోపల కాలుతుంది.

ఈ చెట్టుకు దగ్గరి చుట్టం ఫ్రాంక్లీనియా కథ నన్ను ఎక్కువ బాధపెడుతుంది. 1765లో వృక్షశాస్త్రజ్ఞుడు జాన్ బార్‌ట్రమ్, ఆయన కొడుకు విలియం జార్జియాలోని అల్టమాహా నది పక్కన దాన్ని చూశారు. 1803 తర్వాత అడవిలో ఎవరికీ కనిపించలేదు. ఇప్పుడు తోటల్లో ఉన్నవన్నీ బార్‌ట్రమ్‌లు సేకరించిన గింజల సంతతే.

లాబ్‌లాలీ బేకి ఇంకా సొంత నేల ఉంది. కరోలినాల్లో స్థిరపడిన మనవాళ్లు జులైలో పిల్లల్ని క్రొయాటన్ జాతీయ అటవీ ప్రాంతానికి తీసుకెళ్లి ఈ పూత చూపించాలి. చిత్తడిని బంజరు అనుకోకూడదని పెద్దవాళ్లే ముందు చెప్పాలి.