కోవ్‌లోని ఎల్‌ఈడీ స్ట్రిప్ చివర ఎందుకు మసకబారుతుంది?

కొత్త ఇంటికి ఫాల్స్ సీలింగ్ వేయించినప్పుడు, దాని అంచు వెనుక వదిలే కోవ్ అనే గూడులో ఎల్‌ఈడీ స్ట్రిప్‌ను దాచితే, వెలుతురు తెల్లని పైకప్పు మీద పడి, అన్ని దిక్కులకూ చెదిరి, కళ్లకు గుచ్చుకోకుండా గదంతా పరుచుకుంటుంది. అయితే స్ట్రిప్ పొడవు పెరిగితే చివర వెలుగు తగ్గుతుంది. సాధారణ స్ట్రిప్ 12 వోల్టులతో పనిచేస్తుంది. అందులోని పలుచని రాగి పొరకు కొంత నిరోధం, అంటే విద్యుత్ ప్రవాహాన్ని అడ్డుకునే గుణం, ఉండటం వల్ల దూరం వెళ్లేకొద్దీ వోల్టేజీ పడిపోతుంది. కనుక 5 మీటర్లు దాటితే రెండు చివరల నుంచీ విద్యుత్తు ఇవ్వాలి. అంతకన్నా మేలైన మార్గం 24 వోల్టుల స్ట్రిప్. అంతే వెలుగుకు అందులో ప్రవాహం దాదాపు సగమే కాబట్టి నష్టమూ తగ్గుతుంది. స్ట్రిప్‌కు విద్యుత్తునిచ్చే ఇంటి 230 వోల్టుల వైరింగ్‌ను మాత్రం పిల్లలు తాకకూడదు, అది ఎలక్ట్రీషియన్ పని.