తాళం తిప్పితే టక్కుమని ఆగే బండి: సామాను మార్చే ముందు చూడాల్సినవి

మన వాడల్లో పాత బండ్ల మీద నడిచే ఇండ్లు చాలా ఉన్నాయి. మిల్లు మూతబడ్డాక కొందరు పవర్‌లూమ్‌కు పోయిన్రు, కొందరు ఆటో పట్టిన్రు. ఇంకొందరు సెకండ్ హ్యాండ్ ఓమ్ని కొని స్కూల్ పిల్లల్ని దింపుతున్నరు. మారుతి 800 తయారీ 2014లో ఆగింది, ఓమ్ని 2019లో ఆగింది. అయినా మా సోలాపూర్ గల్లీల్లో అవి ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. బాగా చూసుకుంటే ఇంకా తిరుగుతాయి.

ఈ పాత బండ్లకు ఒక రోగం ఉంది. పొద్దున ఒక్క తాళానికే స్టార్ట్ అవుతది. మధ్యాహ్నం ఎండలో తాళం తిప్పితే టక్కుమని ఊరుకుంటది. ఇరవై నిమిషాలు ఆగితే మళ్లీ మామూలే. గ్యారేజీకి తీసుకపోతే అక్కడ పదిసార్లు తిప్పినా పదిసార్లూ స్టార్ట్ అవుతది. అప్పుడు మెకానిక్ ఏమంటడు? "స్టార్టర్ పాతదైంది, మార్చేద్దాం" అంటడు. మార్చినంక వారానికి మళ్లీ అదే కథ.

మా వాడలో ఒక తమ్ముడికి ఇట్లనే అయింది. స్కూల్ వ్యాన్ నడుపుతడు. ముందు బ్యాటరీ మార్పించిండు, తర్వాత స్టార్టర్ మార్పించిండు. రెండు నెలల వ్యాన్ ఫీజు దానికే పోయింది. బండి మాత్రం స్కూల్ గేటు ముందు పిల్లలు కూర్చున్నంక ఆగిపోతనే ఉంది. రెండు ఇండ్లవాళ్లు పిల్లల్ని వేరే వ్యాన్‌లో ఎక్కించిన్రు. రోగం ఎక్కడుందో చూడకుండా మందు మింగితే ఇట్లనే అయితది. అందుకే మిల్లులో మెషీన్ మెయింటెనెన్స్ చేసిన అనుభవంతో, నాకు తెలిసింది మీకు వరుసగా చెప్తున్నా.

కరెంటు పోయే దారి

ముందు దారి తెలియాలి. బ్యాటరీ ప్లస్ నుంచి లావు వైరు నేరుగా స్టార్టర్‌కు పోతది. తాళం నుంచి ఒక సన్న వైరు స్టార్టర్ మీద ఉండే సోలెనాయిడ్‌కు పోతది. మనం తాళం తిప్పగానే సోలెనాయిడ్ రెండు పనులు చేస్తది. ఒకటి, చిన్న పన్ల చక్రాన్ని ముందుకు నెట్టి ఇంజిన్ ఫ్లైవీల్ పన్లలో కలుపుతది. రెండు, లోపల ఉన్న రాగి కాంటాక్ట్‌ను మూసి లావు వైరు కరెంటును మోటారుకు వదులుతది. టక్కుమని మనకు వినిపించేది ఈ సోలెనాయిడ్ చప్పుడే.

కరెంటు పోతే చాలదు, తిరిగి రావాలి. అది ఇంజిన్ ఇనుము మీదుగా, ఎర్త్ పట్టీ మీదుగా బ్యాటరీ మైనస్‌కు వస్తది. చాలామంది చూడని చోటు ఇదే.

చప్పుడు వినండి, లైటు చూడండి

బండి మొరాయించినప్పుడు కంగారుపడి పదిసార్లు తాళం తిప్పొద్దు. హెడ్‌లైట్ వేసి ఒక్కసారి తిప్పండి. చెవి చప్పుడు మీద, కన్ను లైటు మీద పెట్టండి.

అసలు చప్పుడే లేదు, లైటు బాగా వెలుగుతుంటే: సన్న వైరు వైపు చూడాలి. తాళం స్విచ్ లోపల అరిగి ఉండొచ్చు, దారిలో కనెక్టర్ వదులై ఉండొచ్చు.

ఒక్క టక్కు, లైటు తగ్గలేదు: సోలెనాయిడ్ లోపలి రాగి కాంటాక్ట్ కాలిపోయి ఉండొచ్చు, లేదా మోటారు కార్బన్ బ్రష్‌లు అరిగి ఉండొచ్చు. లావు వైరు జాయింటు, ఎర్త్ పట్టీ కూడా చూడాలి.

టకటకటక అని వరుసగా కొట్టుకుంటే: బ్యాటరీలో బలం లేదు, లేదంటే బ్యాటరీ టెర్మినల్ వదులుగా ఉంది.

లైటు పూర్తిగా ఆరిపోయినంత పని అయితే: బ్యాటరీ, టెర్మినల్ చూడాలి. అవి బాగుంటే మోటారు జామ్ అయిందేమో చూడాలి.

మోటారు జుయ్యిమని తిరుగుతది, ఇంజిన్ తిరగదు: కరెంటుది తప్పు కాదు. చిన్న పన్ల చక్రం గాని, ఫ్లైవీల్ పన్లు గాని అరిగినయి.

మీటరుతో నాలుగు కొలతలు

ఒక మామూలు డిజిటల్ మీటరు కొనుక్కోండి. బజార్లో ఎలక్ట్రికల్ సామాన్ల దుకాణంలో దొరికేది చాలు. ఒకరు తాళం తిప్పాలి, ఒకరు మీటరు చూడాలి. బండి న్యూట్రల్‌లో ఉండాలి, హ్యాండ్ బ్రేక్ వేసి ఉండాలి. రెండు మూడు సెకండ్లు తిప్పితే చాలు, కొలత వస్తది.

మొదటిది, బ్యాటరీ. రాత్రంతా ఆగిన బండికి బ్యాటరీ మీద 12.6 వోల్టుల దగ్గర ఉండాలి. 12.2 ఉంటే సగమే నిండినట్టు. స్టార్టర్ తిరిగేటప్పుడు 9.6 కంటే కిందికి పోవద్దు. పోతే ముందు బ్యాటరీకి ఛార్జింగ్ పెట్టించి మళ్లీ చూడండి.

రెండోది, ప్లస్ వైరు. మీటరు ఒక ముల్లు బ్యాటరీ ప్లస్ కడ్డీ మీద, రెండోది స్టార్టర్ లావు బోల్టు మీద పెట్టి తాళం తిప్పాలి. అర వోల్టు కంటే ఎక్కువ చూపిస్తే ఆ దారిలోనే కరెంటు అడ్డం పడుతున్నది.

మూడోది, ఎర్త్. ఒక ముల్లు బ్యాటరీ మైనస్ కడ్డీ మీద, రెండోది ఇంజిన్ ఇనుము మీద. ఇది 0.2, 0.3 వోల్టు దాటొద్దు.

నాలుగోది, సన్న వైరు. దాన్ని పీకకుండా, సోలెనాయిడ్‌కు తగిలి ఉన్నప్పుడే కొలవాలి. తాళం తిప్పినప్పుడు అక్కడ 10 వోల్టులకు పైన రావాలి. బ్యాటరీ బాగుండి ఇక్కడ తక్కువ వస్తే తాళం స్విచ్ దిక్కు పోవాలి. ఇక్కడ సరిగ్గా వచ్చి, ఎర్త్ కూడా బాగుండి సోలెనాయిడ్ పలకకపోతే సోలెనాయిడ్‌దే రోగం.

తాళం తిప్పకుండా కొలిస్తే ఏమైతది అని అడుగుతరు. అంతా బాగున్నట్టే కనిపిస్తది. లావు వైరులో అన్ని పోగులు తెగి ఒక్క పోగు మిగిలినా మీటరు 12 వోల్టులే చూపిస్తది. మగ్గం మీద నలిగిన పోగు కూడా ఊరికే ఉన్నప్పుడు తెగదు కదా, లాగుడు పడ్డప్పుడే తెగుతది. ఇదీ అంతే. చిన్న బండి స్టార్టర్ కూడా 100 ఆంపియర్ల చుట్టూ తాగుతది. దారిలో ఓమ్‌లో నూరో వంతు అడ్డం ఉన్నా 100 ఆంపియర్లకు ఒక వోల్టు అక్కడే పోతది. అందుకే బరువు పడ్డప్పుడే కొలవాలి, రోగం ఉన్నప్పుడే కొలవాలి.

వేడి మీదనే ఎందుకు?

రాగి వేడెక్కితే కరెంటుకు అడ్డం పెరుగుతది. సోలెనాయిడ్ చుట్ట కూడా రాగి తీగే. ఓమ్నిలో ఇంజిన్ ముందు సీట్ల కిందనే ఉంటది, ఎండాకాలం ఆ వేడి బయటికి పోవడానికి టైము పడుతది. పాత వైరులో కొంత, తాళం స్విచ్‌లో కొంత వోల్టేజి పోయి, వేడెక్కిన సోలెనాయిడ్‌కు బలం చాలదు. చల్లబడితే మళ్లీ లాగుతది. కాబట్టి గ్యారేజీకి బండి చల్లగా తీసుకపోతే రోగం దొరకదు. బాగా తిప్పి, వేడి మీదనే తీసుకపోండి.

సన్న వైరులోనే వోల్టేజి తగ్గుతుంటే ఒక రిలే పెట్టించుకోవచ్చు. తాళం కరెంటు రిలేను మాత్రమే పలికిస్తది, సోలెనాయిడ్‌కు కరెంటు బ్యాటరీ నుంచి దగ్గరి దారిలో వస్తది. ఆ వైరుకు ఫ్యూజు తప్పనిసరి. కాని ముందు కొలవండి, తర్వాతే రిలే.

పైన చెప్పిన తమ్ముడి వ్యాన్‌కు మూడో కొలతలో 1.8 వోల్టులు వచ్చింది. ఎర్త్ పట్టీ విప్పితే బోల్టు కింద పచ్చగా చిలుము, పట్టీలో సగం పోగులు తెగి ఉన్నాయి. కొత్త పట్టీ వేసి, ఇనుము మెరిసేదాకా గీకి బిగించినం. కొత్త స్టార్టర్ ఖరీదులో ఆ పట్టీ ఎన్నో వంతు కూడా కాదు. దాని తర్వాత వ్యాన్ గేటు ముందు ఆగలేదు.

జాగ్రత్తలు

వైర్లు విప్పేటప్పుడు ముందు మైనస్ తీయాలి, బిగించేటప్పుడు మైనస్ చివర. చేతి ఉంగరం, గడియారం, కడియం తీసేయాలి. బ్యాటరీ దగ్గర బీడీ, అగ్గిపుల్ల వద్దు, దాని నుంచి మండే గ్యాసు వస్తది. స్క్రూడ్రైవర్‌తో స్టార్టర్ బోల్టులు కలిపి స్టార్ట్ చేసే అలవాటు మానండి. గేరులో ఉంటే బండి మీదికే వస్తది. ఒక్క జాకీ మీద నిలబెట్టి కిందికి దూరొద్దు.

స్టార్టర్‌ను చిన్నగా తట్టితే స్టార్ట్ అయిందంటే బ్రష్‌లు గాని కాంటాక్ట్ గాని అరిగినయని గుర్తు. అది పరీక్షే, వైద్యం కాదు. అట్ల అయినా కొత్త స్టార్టర్‌కు తొందరపడొద్దు. ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గర బ్రష్‌లు, కాంటాక్ట్, బుష్‌లు విడిగా వేయిస్తరు. వేసినంక బ్యాటరీ పెట్టి మీ ముందే తిప్పి చూపించమనండి. తీసిన పాత సామాను మీ చేతికి ఇయ్యమనండి.

బండిలో ఒక చిన్న నోటు పుస్తకం పెట్టుకోండి. ఎప్పుడు ఆగింది, చల్లగానా వేడిగానా, చప్పుడు ఎట్లుంది, లైటు ఎట్లుంది అని రెండు ముక్కలు రాసుకోండి. నాలుగు కొలతలూ పక్కన రాయండి. ఆ కాగితం చూపించి మాట్లాడితే ఏ మెకానిక్ అయినా "మార్చేద్దాం" అనే ముందు ఒకసారి ఆలోచిస్తడు.