జీర్ణాశయ వ్రణం: కారణ నిర్ణయం, చికిత్స, నివారణ - వైద్య పరిశోధనల పరిశీలన

వ్యాససంగ్రహం:
కడుపులో పుండుకు కారం, వేళ తప్పిన భోజనం, మనోవ్యథ కారణాలన్నది తెలుగు సమాజంలో స్థిరపడిన అభిప్రాయం. గత నలభై ఏళ్ల వైద్య పరిశోధనలు ప్రధాన కారణాలు వేరని నిరూపించాయి. అవి హెలికోబాక్టర్ పైలోరి అనే సూక్ష్మజీవి, నొప్పి నివారణ మాత్రలు. ఈ నిర్ణయం ఏ విధమైన ఆధారాలపై నిలిచిందో, హైదరాబాదు పరిశోధనలు దానికి ఏమి చేర్చాయో, సిద్దిపేట వంటి జిల్లాలో వ్యాధి నివారణకు అది ఎలా ఉపయోగపడుతుందో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: జీర్ణాశయ వ్రణం, హెలికోబాక్టర్ పైలోరి, చికిత్సా పరీక్ష, ఔషధ నిరోధకత, తాగునీరు, సిద్దిపేట.

1. ఉపోద్ఘాతం
సిద్దిపేట ప్రాంతంలో "కడుపుల మంట" అన్న మాట తరచుగా వినిపిస్తుంది. ఆ మాట వెంట వచ్చే సలహా కూడా అందరికీ తెలిసినదే. కారం తగ్గించాలి, వేళకు తినాలి, మజ్జిగ తాగాలి, ఒక గ్యాస్ గోలీ వేసుకోవాలి. ఈ సలహా హానికరమైనది కాదు. అయితే మోకాళ్ల నొప్పులకు రోజూ నొప్పి గోలీ వేసుకునే వృద్ధురాలు కూరలో కారం మానేసి, గోలీని మాత్రం కొనసాగిస్తే వ్యాధి కారణం అలాగే నిలిచి ఉంటుంది. పుండు నుంచి రక్తస్రావమై మలం తారులా నల్లబడినా, ఒంటికి వేడి చేసిందనుకొని ఊరకుండే ప్రమాదం ఉంది. అందువల్ల కారణాన్ని గురించిన పొరపాటు కేవలం అభిప్రాయానికి సంబంధించినది కాదు, ప్రాణానికి సంబంధించినది.

2. వ్యవహారంలోని పదాలు - వ్యాధి భావన
వైద్యశాస్త్రంలోని పెప్టిక్ అల్సర్‌ను తెలుగులో జీర్ణాశయ వ్రణమని, కడుపులో పుండని, పేగుపూత అని వ్యవహరిస్తున్నారు. ఈ వ్రణం జీర్ణాశయం లోపలి పొరలో గాని, చిన్నపేగు తొలిభాగమైన ఆంత్రమూలంలో గాని ఏర్పడుతుంది. ఆయుర్వేద గ్రంథమైన మాధవనిదానం అన్నం అరిగే సమయంలో వచ్చే నొప్పిని పరిణామశూలగా పేర్కొన్నది. ఆంత్రమూల వ్రణంలో నొప్పి తరచుగా తిన్న రెండు మూడు గంటలకు వస్తుంది కనుక ఈ రెండింటి మధ్య పోలిక కనిపిస్తుంది. అయినా లక్షణాలు పోలినంత మాత్రాన రెండూ ఒకే వ్యాధి అని నిర్ధారించలేము.

నేటి వ్యవహారంలోని "గ్యాస్", "అసిడిటీ" అనే మాటలు ఈ సమస్యను మరింత జటిలం చేశాయి. ఆమ్లం అన్నవాహికలోకి ఎగదన్నడం, వ్రణం లేకుండానే కలిగే అజీర్ణం, అసలైన వ్రణం అనేవి మూడు వేర్వేరు స్థితులు. రోగి మాత్రం మూడింటినీ "మంట" అనే చెబుతాడు. శస్త్రచికిత్స లేకుండా వ్రణాన్ని నేరుగా చూసి, అవసరమైతే చిన్న ముక్కను తీసి పరీక్షించే అవకాశాన్ని ఎండోస్కోపీ కల్పించింది. పరిశోధనలు మలుపు తిరగడానికి ఈ సాధనమే ఆధారమైంది.

3. ఆమ్లం నుంచి సూక్ష్మజీవికి
ఇరవయ్యవ శతాబ్దంలో అధికభాగం వైద్యులు వ్రణాన్ని ఆమ్లం వల్ల కలిగే వ్యాధిగానే భావించారు. జేమ్స్ బ్లాక్ పరిశోధనల ఫలితంగా 1976లో సిమెటిడిన్ విపణిలోకి వచ్చింది. హిస్టమిన్ ప్రేరణను అడ్డుకొని ఆమ్లస్రావాన్ని తగ్గించే ఈ మందుతో వ్రణాలు మానాయి. 1980ల చివరలో వచ్చిన ఒమెప్రజోల్ మరింత సమర్థంగా పనిచేసింది. అయితే మందు ఆపగానే చాలామందిలో వ్రణం తిరిగి వచ్చేది. ఆమ్లం పుండును మాననీయకుండా చేస్తుందన్నది నిజమే గాని, పుండు మళ్లీ మళ్లీ ఎందుకు వస్తున్నదన్న ప్రశ్నకు అందులో సమాధానం లేదు.

ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో రోగనిర్ధారణ శాస్త్రజ్ఞుడు రాబిన్ వారెన్ 1979లో జీర్ణాశయపు పొరపై వంకర తిరిగిన బాక్టీరియాను గుర్తించారు. యువ వైద్యుడు బారీ మార్షల్ ఆయనతో కలిసి పనిచేశారు. 1982 ఈస్టర్ సెలవుల్లో పరీక్షపాత్రలు మామూలు గడువును దాటి ఇంక్యుబేటర్‌లో ఉండిపోవడంతో, నెమ్మదిగా పెరిగే ఆ బాక్టీరియా మొదటిసారిగా ప్రయోగశాలలో పెరిగింది. ఆమ్లంలో ఏ జీవీ బతకదన్న నమ్మకం దీనితో సడలింది. యూరియేజ్ అనే ఎంజైము సాయంతో యూరియా నుంచి అమోనియాను తయారుచేసుకొని, ఈ జీవి తన చుట్టూ ఉన్న ఆమ్లాన్ని తటస్థీకరిస్తుంది.

1984లో మార్షల్ ఈ బాక్టీరియా ద్రావణాన్ని స్వయంగా తాగిన ఉదంతం ప్రసిద్ధం. అయితే ఆ ప్రయోగం నిరూపించినది జీర్ణాశయపు వాపును మాత్రమే. ఆయనకు వ్రణం ఏర్పడలేదు. వ్రణానికి, సూక్ష్మజీవికి గల సంబంధాన్ని స్థిరపరచినవి ఆ తరువాతి చికిత్సా పరీక్షలు.

4. చికిత్సా పరీక్ష నిరూపించినది
1993లో ప్రచురితమైన ఆస్ట్రియా పరిశోధన ఇందుకు మంచి ఉదాహరణ. ఆంత్రమూల వ్రణం పదేపదే తిరగబెడుతున్న 104 మంది రోగులను రెండు వర్గాలుగా విభజించారు. అందరికీ ఆమ్లాన్ని తగ్గించే రానిటిడిన్ ఇచ్చారు. ఒక వర్గానికి అదనంగా అమాక్సిసిలిన్, మెట్రోనిడజోల్ అనే యాంటీబయోటిక్‌లను, మరొక వర్గానికి వాటిని పోలిన ఉత్తుత్తి మాత్రలను ఇచ్చారు. సంవత్సరంలోగా వ్రణం తిరగబెట్టినవారు మొదటి వర్గంలో 8 శాతం, రెండవ వర్గంలో 86 శాతం.

రెండు వర్గాల మధ్య భేదం యాంటీబయోటిక్ ఒక్కటే. ఆహారం, ఆందోళన, అలవాట్లు రెండింటిలోనూ దాదాపు సమానంగా పంపిణీ అయి ఉంటాయి. యాదృచ్ఛిక విభజన ప్రయోజనం ఇదే. కాబట్టి కారణాన్ని తొలగించినప్పుడు కార్యం ఆగిపోయిందని చెప్పే హక్కు ఈ పరిశోధనకు లభించింది. మార్షల్, వారెన్‌లకు 2005లో నోబెల్ బహుమతి లభించింది.

5. కారం, వరి - భారతీయ పరిశోధనలు
మిరపకారం పుండును మాననీయదన్న నమ్మకాన్ని ఢిల్లీ వైద్యులు 1984లో పరీక్షించారు. ఆంత్రమూల వ్రణం ఉన్న రోగులలో ఒక వర్గానికి ఆసుపత్రి భోజనంతో పాటు రోజుకు 3 గ్రాముల ఎండుమిరప పొడి ఇచ్చారు. మరొక వర్గానికి ఇవ్వలేదు. రెండు వర్గాలూ ఆమ్లహారిణిని తీసుకున్నాయి. నాలుగు వారాల తరువాత ఎండోస్కోపీ చేస్తే పుండు మానడంలో చెప్పుకోదగిన భేదం కనిపించలేదు. కారం మంటను పెంచవచ్చు గాని, మంట పెరగడం, పుండు పెరగడం ఒకటి కావు.

అంతమాత్రాన ఆహారానికి ఏ పాత్రా లేదని చెప్పడం తొందరపాటవుతుంది. మైసూరులో పనిచేసిన ఆంగ్ల శస్త్రవైద్యుడు ఫ్రాంక్ టోవీ, వరి ప్రధానాహారమైన ప్రాంతాలలో ఆంత్రమూల వ్రణం ఎక్కువగా, పొట్టుతో కూడిన గోధుమ తినే ప్రాంతాలలో తక్కువగా ఉన్నట్లు గమనించారు. సూక్ష్మజీవి దేశమంతటా విస్తారంగానే ఉన్నది. అది ఉన్నవారిలో కొద్దిమందికి మాత్రమే వ్రణం వస్తుంది. మిగిలినవారికి ఎందుకు రాదన్న ప్రశ్నకు బాక్టీరియా రకం, శరీర స్వభావం, పొగతాగడం, ఆహారం అన్నీ కలిసి సమాధానం కావలసి ఉంటుంది.

6. నొప్పి మాత్రలు
రెండవ ప్రధాన కారణానికి సూక్ష్మజీవితో పనిలేదు. యాస్పిరిన్, డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి మందులు ప్రోస్టాగ్లాండిన్ల ఉత్పత్తిని అడ్డుకొని నొప్పిని తగ్గిస్తాయని జాన్ వేన్ 1971లో నిరూపించారు. జీర్ణాశయాన్ని ఆమ్లం నుంచి కాపాడే జిగురుపొరను నిలిపేవి కూడా ప్రోస్టాగ్లాండిన్లే. అంటే నొప్పిని తగ్గించే చర్యే కడుపు రక్షణను సడలిస్తుంది. ఈ కారణం వల్ల ఆ మాత్రను తిన్న తరువాత వేసుకున్నా, సూదిమందుగా తీసుకున్నా ప్రమాదం పూర్తిగా తొలగిపోదు. వృద్ధులలో, గతంలో పుండు వచ్చినవారిలో, రక్తాన్ని పలుచబరిచే మందులు వాడేవారిలో ఈ ప్రమాదం అధికం. వ్రణం కొన్నిసార్లు నొప్పి లేకుండానే పెరిగి, రక్తస్రావంతో మొదటిసారి బయటపడుతుంది.

7. హైదరాబాదు పరిశోధనలు - నీరు, ఔషధ నిరోధకత
హైదరాబాదులోని దక్కన్ వైద్య కళాశాలకు చెందిన పరిశోధకులు ఇంటి పరిశుభ్రతకు, నీటి వనరుకు ఈ సూక్ష్మజీవితో గల సంబంధాన్ని పరిశీలించి 2007లో ప్రచురించారు. కుళాయి నీరు తాగేవారి కంటే బావి నీరు తాగేవారిలో, నీటి శుభ్రత పాటించేవారి కంటే పాటించనివారిలో సంక్రమణ ఎక్కువగా కనిపించింది. ఇది పరిశీలనాత్మక అధ్యయనం. బావి నీరు తాగే కుటుంబాలలో ఇరుకు గదులు, పేదరికం కూడా ఉండవచ్చు కనుక నీరే ఏకైక మార్గమని దీని వల్ల రుజువు కాదు. సాధారణంగా ఈ జీవి బాల్యంలో, కుటుంబ సభ్యుల నుంచే సంక్రమిస్తుంది.

చికిత్సకు సంబంధించి మరింత ఆందోళన కలిగించే అంశం ఔషధ నిరోధకత. లక్నో, చెన్నై, హైదరాబాదు, గుజరాత్, చండీగఢ్ కేంద్రాల నుంచి సేకరించిన బాక్టీరియా నమూనాలపై 2003లో ప్రచురితమైన అధ్యయనంలో మెట్రోనిడజోల్‌కు సుమారు 78 శాతం, క్లారిత్రోమైసిన్‌కు సుమారు 45 శాతం నమూనాలు లొంగలేదు. ఆస్ట్రియాలో అద్భుత ఫలితాన్నిచ్చిన మందులను యథాతథంగా ఇక్కడ వాడితే అదే ఫలితం రాకపోవచ్చునని దీని వల్ల అవగతమవుతుంది. విరేచనాలకు, జ్వరానికి సలహా లేకుండా యాంటీబయోటిక్ కొని రెండు రోజులు వాడి ఆపివేసే అలవాటు నిరోధకతను పెంచుతుంది. నేడు బిస్మత్‌తో కూడిన నాలుగు మందుల చికిత్సను 14 రోజులు సూచించడానికి నిరోధకతే ముఖ్య కారణం. చికిత్స ముగిసిన నాలుగు వారాల తరువాత శ్వాసపరీక్షతో గాని, మలపరీక్షతో గాని బాక్టీరియా తొలగిందో లేదో నిర్ధారించుకోవాలి. ఆ పరీక్షకు కనీసం రెండు వారాల ముందు ఒమెప్రజోల్ వంటి మందులు ఆపకపోతే, బాక్టీరియా ఉన్నా లేనట్లు ఫలితం రావచ్చు.

8. ఉపసంహారం
ఇంటింటికీ శుద్ధజలం అందించే మిషన్ భగీరథ 2016 ఆగస్టు 7న నేటి సిద్దిపేట జిల్లాలోని కోమటిబండలో ప్రారంభమైంది. రెండేళ్ల తరువాత సిద్దిపేటలో ప్రభుత్వ వైద్య కళాశాల ఏర్పడింది. కుళాయి నీటితో పెరిగిన పిల్లలలో ఈ సంక్రమణ తగ్గిందా అన్న ప్రశ్నను పరిశోధించడానికి అనువైన క్షేత్రం, వైద్య కళాశాల రెండూ ఒకే జిల్లాలో ఉండటం గమనార్హం.

పై పరిశీలన వల్ల తేలిన విషయాలు మూడు. చికిత్స విషయంలో కారణాన్ని నిర్ధారించకుండా ఏళ్ల తరబడి గ్యాస్ గోలీ వాడటం పుండును కప్పిపుచ్చగలదు గాని దాని మూలాన్ని తొలగించలేదు. నివారణ విషయంలో శుభ్రమైన నీరు, చేతుల శుభ్రత, నొప్పి మాత్రలను వైద్యుని సలహాతో వీలైనంత తక్కువ మోతాదులో వాడటం, దీర్ఘకాలం తప్పనప్పుడు కడుపును కాపాడే మందును జతచేయడం, పొగ మానడం ముఖ్యమైనవి. భాష విషయంలో "మంట" అన్న ఒక్క మాటతో సరిపెట్టకుండా ఎప్పుడు వస్తున్నది, ఏ మాత్రలు వాడుతున్నారు, మలం నల్లబడిందా, బరువు తగ్గిందా అని అడిగి తెలుసుకొనే వ్యవహారం పెరగాలి. కడుపులో పుండు వచ్చినవారిని వారి నాలుక రుచిని బట్టి నిందించే అలవాటు మారితే, అసలు కారణాన్ని వెదికే అవకాశం రోగికి, వైద్యునికి కూడా సకాలంలో లభిస్తుంది.