చెరువు నిండగానే పిల్ల వదలకూడదు

కైకలూరు, ఆకివీడు, గణపవరం వైపు కొత్తగా వనామి సాగులోకి దిగేవారు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది: నీళ్లు పెట్టాక ఎన్నాళ్లకు రొయ్య పిల్లను వదలాలి? ఒకపక్క లీజు నడుస్తుంటుంది. ఇంకోపక్క సీడ్ (రొయ్య పిల్ల) సిద్ధమని హేచరీ (పిల్లల్ని ఉత్పత్తి చేసే కేంద్రం) నుంచి ఫోన్ వస్తుంది. అయినా ఆ రోజును తేల్చాల్సింది నీరే.

వనామి పసిఫిక్ తీరపు రొయ్య. మన దేశంలో దీని సాగుకు 2009లో అనుమతి వచ్చింది. సముద్రపు నీటి సాలినిటీ (లీటరు నీటిలో కరిగిన ఉప్పు గ్రాములు) దాదాపు 35. మన వైపున్న కొల్లేరు మాత్రం మంచినీటి సరస్సు. దాని చుట్టుపక్కల బోరు నీళ్లు, కాలువ నీళ్లు కలిపి నింపిన చెరువులో సాలినిటీ 4 దగ్గరే ఉండొచ్చు. ఆ నీటిలోనూ వనామి బతుకుతుంది, మెల్లగా అలవాటు చేస్తేనే. అందుకే సీడ్‌కు ఆర్డర్ ఇచ్చేటప్పుడే మన చెరువు సాలినిటీ హేచరీకి చెప్పాలి. వాళ్లు కొన్ని రోజులపాటు ఉప్పు తగ్గిస్తూ వస్తారు.

ఉప్పు కుదిరినా ఖనిజాలు కుదరకపోవచ్చు. సాలినిటీ 4 ఉంటే లీటరుకు సుమారు 43 మిల్లీగ్రాముల పొటాషియం, 156 మిల్లీగ్రాముల మెగ్నీషియం ఉండాలి. సముద్రపు నీటి పాళ్లను బట్టి కట్టిన లెక్క ఇది. బోరు నీటిలో పొటాషియం తరచూ తక్కువే; బంకమట్టి దాన్ని పట్టేసుకుంటుంది. అది చాలకపోతే మోల్టింగ్ (పాత పెంకు విడిచి కొత్తది కట్టడం) సమయంలో రొయ్యలు చనిపోతాయి. కాబట్టి నీటి పరీక్ష ముందు, ఖనిజాలు తర్వాత, పిల్ల ఆఖరున.

నీటిని శుద్ధి చేయడానికి బ్లీచింగ్ చల్లితే అందులోని క్లోరిన్ పూర్తిగా పోయేదాకా ఆగాలి. బ్లీచింగ్‌తో రోగక్రిములతో పాటు మేలు చేసే సూక్ష్మజీవులూ పోతాయి. అవి మళ్లీ పెరగాలి. ఎందుకు?

రొయ్య విసర్జన నుంచి, మిగిలిన మేత నుంచి అమ్మోనియా పుడుతుంది. ఏలూరులోనో తాడేపల్లిగూడెంలోనో ఇంట్లో ఉప్పునీటి అక్వేరియం పెట్టినా ఇదే సమస్య. అక్కడ ఒక రకం బాక్టీరియా అమ్మోనియాను నైట్రైట్‌గా, మరో రకం దాన్ని అంతగా హాని చేయని నైట్రేట్‌గా మారుస్తుంది. ఈ రెండూ రాళ్ల మీద, ఫిల్టర్‌లో స్థిరపడటానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపాకే తొలి చేపను వేయాలి. చెరువులో ఈ పనిలో పెద్ద వాటా ప్లాంక్టన్‌ది (నీటిలో తేలే సూక్ష్మమైన నాచు, జీవులు). ఎండ అందితే నాచు అమ్మోనియాను ఎరువుగా వాడుకుని పెరుగుతుంది. రైతులు 'నీటికి రంగు రావాలి' అనేది దీని గురించే. తవుడు, బెల్లం పులియబెట్టి పోసేదీ ఇందుకే.

రంగు మరీ ముదిరినా ఇబ్బందే. మధ్యాహ్నం నాచు కార్బన్ డయాక్సైడ్‌ను లాగేసుకోవడంతో పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార స్థాయి) పెరుగుతుంది. నీరు 30 డిగ్రీలుండి పీహెచ్ 8 అయితే మొత్తం అమ్మోనియాలో విషరూపం సుమారు 7 శాతం. పీహెచ్ 9కి చేరితే 40 శాతం దాటుతుంది. అందుకని పీహెచ్‌ను పొద్దున ఒకసారి, మధ్యాహ్నం మూడింటికి ఒకసారి కొలవాలి.

అన్నీ కుదిరాయనిపించాక చెరువులో చిన్న హాపా (సన్నని వల తొట్టి) కట్టి, లెక్కపెట్టి వంద పిల్లల్ని వేసి ఒకట్రెండు రోజులు చూడాలి. నీటిలో తేడా ఉంటే నష్టం ఆ వందతోనే ఆగుతుంది. అసలు సీడ్‌ను తెల్లవారుజామునో సాయంత్రమో, చల్లపూట వదలాలి. సంచుల్ని కట్టు విప్పకుండా అరగంట నీటిపై తేలనిచ్చి, తర్వాత విప్పి చెరువు నీళ్లు కొద్దికొద్దిగా కలపాలి.

తొందరపడితే నష్టం వెంటనే తెలియదు. చనిపోయిన పిల్ల అడుగుకు చేరుతుంది, పైకి కనబడదు. రైతు మాత్రం వదిలిన లెక్క ప్రకారమే మేత వేస్తాడు. తినేవి తక్కువ కాబట్టి మేత మిగిలి కుళ్లి, అమ్మోనియా పెరిగి, బతికినవాటినీ దెబ్బతీస్తుంది. నీరు కుదరడానికి ఆగితే పోయేది కొన్ని రోజుల లీజు. ఆగకపోతే సీడ్ డబ్బు, మేత డబ్బు రెండూ పోతాయి.