తాళం వేసిన ఇంట్లో తూటాల పెట్టె

గుంటూరు, ప్రకాశం పల్లెల్లో లైసెన్సు తుపాకి ఉన్న ఇళ్లు కొన్ని ఉండేవి. నల్లమల అంచున చేలమీద పడే అడవి పందుల కోసం కొందరు, ప్రాణభయంతో కొందరు తీసుకున్నారు. ఆ పెద్దలు పోయారు, పిల్లలు విదేశాల్లో స్థిరపడ్డారు, ఇంటికి తాళం పడింది. తుపాకి సంగతి ఎవరికో ఒకరికి గుర్తుంటుంది. దానికి లైసెన్సు పుస్తకం ఉంటుంది, ఎన్నికలప్పుడు స్టేషనులో అప్పగించమని కబురు వస్తుంది. బీరువా అడుగు అరలో మిగిలిపోయిన తూటాల పెట్టె మాత్రం ఎవరి లెక్కలోనూ ఉండదు. సెలవులకు వచ్చి ఆ బీరువా తెరిచేవాళ్లకు నేను చెప్పదలచింది ఒక్కటే. తూటా ఎన్నాళ్లు నిలుస్తుందన్నది పెట్టె మీది సంవత్సరాన్ని బట్టి తేలదు, ఏ వేడిలో, ఏ తేమలో ఉందో దాన్ని బట్టి తేలుతుంది. ఆ చరిత్ర తెలియని తూటాను పేల్చకూడదు, ఇంట్లో ఉంచుకోకూడదు, సూట్‌కేసులో వేసుకోకూడదు.

పొగలేని తుపాకి మందుకు మూలం మన చేలల్లో పండే పత్తే. దూది తీశాక గింజకు అంటుకుని మిగిలే పొట్టి నూగును మిల్లుల్లో లింటర్స్ అంటారు. నైట్రోసెల్యులోజ్ తయారీకి అదే ముడిసరుకు. 1846లో రసాయన శాస్త్రవేత్త షోన్‌బైన్ బాసెల్ నగరంలో దాన్ని గన్‌కాటన్ పేరుతో ప్రకటించాడు, 1884లో ఫ్రాన్సులో పాల్ వియే దాన్ని తుపాకికి పనికొచ్చేలా మచ్చిక చేశాడు. అయితే ఈ పదార్థానికి పూర్తి నిలకడ ఎన్నడూ లేదు. తయారైన రోజు నుంచే మెల్లగా విచ్ఛిన్నమవుతూ నత్రజని ఆక్సైడు వాయువులు వదులుతుంది, ఆ వాయువులే మిగతా మందును మరింత వేగంగా తినేస్తాయి. వాటిని పట్టి ఉంచడానికి డైఫినైలమైన్ వంటి పదార్థం కొద్దిగా కలుపుతారు. అది ఖర్చయిపోయాక ఇక అడ్డు లేదు. 1907లో ఈయెనా, 1911లో లిబెర్తె అనే ఫ్రెంచి యుద్ధనౌకలు తులోన్ రేవులోనే పేలిపోయి వందల మంది చనిపోయారు. చెడిపోయిన మందే అందుకు కారణమని భావించారు. బీరువాలోని పాతిక తూటాలు తమంతట తాము అలా పేలవు, అంత వేడి కూడబెట్టే రాశి అక్కడ లేదు. వాటి ప్రమాదం వేరు.

చాలా రసాయన చర్యలు 10 డిగ్రీల వేడి పెరిగితే దాదాపు రెట్టింపు వేగం అందుకుంటాయి. పల్నాడులోని రెంటచింతలలో మే నెలలో 45 డిగ్రీలు దాటడం మామూలే. తలుపులు మూసిన గదిలో, రేకుల కప్పు కింద ఇంకెంత ఉంటుందో ఊహించుకోవచ్చు. ఆ వేడికి తోడు బాపట్ల, చీరాల వైపు సముద్రపు తేమ. మిర్చి రైతుకు ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. ఒకే కళ్లంలో ఎండిన కాయ కోల్డ్ స్టోరేజీలో మరుసటి ఏడాదికీ ఎర్రగా ఉంటుంది, ఇంట్లో వేసిన బస్తా వానాకాలం దాటేసరికి రంగు దిగిపోతుంది. పాత పన్నెండు బోరు తూటాను చేతిలోకి తీసుకుంటే కాలం చేసిన పని కనిపిస్తుంది. అట్ట గొట్టం తేమకు ఉబ్బి ఉంటుంది, ఇత్తడి అడుగున, మందును అంటించే ప్రైమర్ చుట్టూ ఆకుపచ్చ చిలుము పట్టి ఉంటుంది. పైకి ఏమీ కనిపించనంత మాత్రాన లోపల బాగున్నట్టు కాదు.

రెండో ప్రపంచ యుద్ధం నాటి తూటాలు నేటికీ పేలుతున్నాయి కదా అంటారు. నిజమే. చల్లని, పొడి గిడ్డంగిలో, గాలి చొరని డబ్బాల్లో ఉన్నవి పేలుతున్నాయి. మన బీరువా ఆ గిడ్డంగి కాదు. పోనీ, పేలకపోతే నష్టమేమిటని మరో మాట. అసలు పేలకపోతే నష్టం లేదనే అనుకుందాం. సగం బలంతో పేలితే గుండు గొట్టంలోనే ఇరుక్కుంటుంది, దాని వెనక కొట్టిన రెండో తూటాకు గొట్టమే చీలిపోతుంది. చేతితో నింపిన తూటా అయితే ఏ మందు, ఎంత పోశారో నింపినవాడికి తప్ప తెలియదు. ఆయన లేనప్పుడు దాన్ని నమ్మడానికి ఆధారమే లేదు. నోటి నుంచి మందు కూరే పాత తుపాకి విషయంలో పొరపాటు తిరగబడుతుంది. సురేకారం, గంధకం, బొగ్గు కలిసిన ఆ మందు పత్తి మందులా తనంతట తాను చివకదు, పొడిగా ఉంటే తరాలు దాటినా బలం పోదు. గోడకు వేలాడుతున్న అలాంటి తుపాకిని, లోపల మందు మిగిలి ఉండవచ్చన్నది మరిచి, పాతదే కదా అని పిల్లల చేతికిచ్చి ఫొటో తీయడం నా దృష్టిలో అన్నిటికన్నా ప్రమాదకరం.

పోలీసుల దగ్గరికి వెళ్తే లేనిపోని చిక్కు అన్న భయం సహజం. కానీ 1959 ఆయుధాల చట్టం 21వ సెక్షన్ ఆ దారినే చూపుతోంది. లైసెన్సు గడువు తీరినా మరో కారణంగా చెల్లకపోయినా ఆయుధాన్ని, తూటాలను ఆలస్యం లేకుండా స్టేషనులోగానీ లైసెన్సున్న డీలరు దగ్గరగానీ అప్పగించాలి. అసలు చిక్కు అప్పగించకపోవడంలో ఉంది. సామానులో మరిచిపోయిన ఒక్క తూటా విమానాశ్రయంలో బయటపడినా కేసు అవుతుంది. తెలిసి దగ్గర పెట్టుకోలేదని తేలిన చాలా కేసులను హైకోర్టులు కొట్టేశాయి, అయితే ఆ ఊరట విమానం వెళ్లిపోయాక ఎప్పటికో వస్తుంది. కాలవలో పారేయడం, పాతిపెట్టడం, మంటలో వేయడం ఏవీ మార్గాలు కావు. పెట్టెను కదపకుండా, పిల్లలను దూరంగా ఉంచి, ముందు స్టేషనుకు ఫోన్ చేసి వాళ్లు చెప్పినట్టు చేయండి. లైసెన్సు పుస్తకం దొరికితే చూపించండి, అప్పగించిన తూటాల సంఖ్య రాసిన రసీదు అడిగి తీసుకోండి.