తెగిన పోగును అతుకుదాం

కొత్తవాడ అంటే వరంగల్లులో మగ్గాల వాడ. ఇక్కడ నేసే జంపఖానాలకు పేరుంది. నేసేటప్పుడు పోగు తెగుతుంది. అది ఎవరి తప్పూ కాదు. నేతగాడు మగ్గం ఆపుతాడు. తెగిన కొసలు రెండూ పట్టి అతుకుతాడు. మళ్లీ నేస్తాడు. చూసీ చూడనట్టు నేస్తే ఏమవుతుంది? నేత అంతా పాడవుతుంది.

మనిషి మనసూ అంతే.

పని దొరకక కొత్తవాడ నుంచి ఎందరో సూరత్, భివండి, షోలాపూర్ పోయారు. ఊరు విడిస్తే ఎట్లుంటదో వాళ్లకు తెలుసు. "తిన్న తిండి ఒంటికి పట్టదు. ఇల్లే యాదికొస్తది" అంటారు. అయినా వాళ్లు పండుగకు ఇంటికి రాగలరు. రాలేని వాళ్ల సంగతి ఏమిటి?

ప్రాణభయంతో దేశం దాటిన వాళ్లను శరణార్థులు అంటారు. కొందరు దేశం దాటరు. దేశంలోనే ఒకచోటి నుంచి ఇంకోచోటికి పారిపోతారు. చట్టం లెక్కలో వాళ్లు శరణార్థులు కారు. కాని వాళ్ల బాధ అదే బాధ.

అలాంటి వాళ్లు మనకు దూరంగా లేరు. గుత్తికోయలు బస్తర్ అడవుల ఆదివాసులు. అది ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం. 2005లో అక్కడ సల్వాజుడుం మొదలైంది. ఒకవైపు మావోయిస్టులు. ఇంకోవైపు సల్వాజుడుం, పోలీసులు. మధ్యలో ఊళ్లు నలిగాయి. ఇళ్లు కాలిపోయాయి. వేల మంది అడవి దారిన అప్పటి ఖమ్మం, వరంగల్ జిల్లాలకు వచ్చారు. 2011 జూలై 5న సుప్రీంకోర్టు సల్వాజుడుం చెల్లదని చెప్పింది. అయినా చాలా కుటుంబాలు తిరిగి పోలేదు. ములుగు, భూపాలపల్లి, కొత్తగూడెం అడవుల్లో గుడిసెలు వేసుకుని ఉన్నాయి.

మనసుకు గాయమైతే ఎట్లా తెలుస్తుంది?

కాలికి గాయమైతే రక్తం కనిపిస్తుంది. మనసు గాయం కనిపించదు. రాత్రి నిద్ర పట్టదు. పడితే పీడకలలు. చిన్న చప్పుడుకే గుండె దడ. తలనొప్పి, ఒళ్లునొప్పులు. పరీక్షల్లో ఏమీ తేలదు. కొందరు ఎవరితోనూ మాట్లాడరు. కొందరు తాగుడు పెంచుతారు.

"గాలి సోకింది" అంటారు కొందరు. "పిచ్చి" అంటారు ఇంకొందరు. రెండూ సరికాదు. పెద్ద భయం, పెద్ద దుఃఖం చూసిన మనసు అట్లా అవుతుంది. చాలామంది నెమ్మదిగా కోలుకుంటారు. కొందరికి వైద్యం కావాలి. వైద్యంతో బాధ తగ్గుతుంది.

వైద్యం ఎందుకు అందదు?

మొదటిది దూరం. అడవిలోని గూడేనికి బస్సు పోదు. రెండోది భాష. గుత్తికోయలది కోయ మాట. మనసులోని బాధను రాని భాషలో ఎట్లా చెప్పుకుంటారు? మూడోది కాగితాలు. కార్డు లేదని భయపడి ఆస్పత్రికే రారు. నాలుగోది సిగ్గు.

కాగితాల భయం అక్కరలేదు. 2017లో మానసిక ఆరోగ్య చట్టం వచ్చింది. 2018 మే 29 నుంచి అమలులో ఉంది. పేదలకు ఈ వైద్యం ఉచితంగా అందాలని ఆ చట్టం చెబుతుంది. పేదరిక కార్డు ఉన్నా లేకున్నా అందాలి. ఇల్లు లేని వాళ్లకూ అందాలి. ఇది దయ కాదు, హక్కు.

దూరం, భాష, సిగ్గు సంగతి? ఆఫ్రికాలో జింబాబ్వే అనే దేశం ఉంది. అక్కడ మనసు డాక్టర్లు చాలా తక్కువ. 2006లో డిక్సన్ చిబాండా అనే డాక్టరు ఒక పని చేశాడు. వాడలోని 14 మంది అవ్వలకు శిక్షణ ఇచ్చాడు. దవాఖాన ఆవరణలో బెంచీ వేశారు. బాధలో ఉన్న మనిషి వచ్చి కూర్చుంటారు. అవ్వ ఓపికగా వింటుంది. ముందు ఏ కష్టం తీర్చుకోవచ్చో కలిసి ఆలోచిస్తుంది. ఇట్లా చేస్తే బాధ బాగా తగ్గిందని 2016లో అచ్చయిన పరిశోధన చెప్పింది.

మన గూడేల్లోనూ ఈ పని చేయవచ్చు. కోయ మాట వచ్చిన ఆడవాళ్లకు శిక్షణ ఇవ్వాలి. డాక్టరు నెలకొకసారైనా గూడేనికి పోవాలి. వైద్యం మనిషి దగ్గరికి, మనిషి భాషలో పోవాలి.

మనమేం చేయగలం?

బాధలో ఉన్న మనిషి చెబితే వినాలి. చెప్పమని బలవంతం చేయొద్దు. "మరిచిపోరాదు" అని కసరొద్దు. "చచ్చిపోవాలని ఉంది" అంటే ఒంటరిగా వదలొద్దు. వెంటనే ఆస్పత్రికి తోడుపోవాలి. వరంగల్ ఎంజీఎం ఆస్పత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. అక్కడ దిక్కుతోచక నిలబడ్డ గుత్తికోయ తల్లి కనిపించవచ్చు. ఆమె చేతిలోని చీటీ చదివి, ఏ గదికి పోవాలో చూపండి. మీరు నేర్చుకున్న చదువు ఆమెకూ పనికొస్తుంది.

2022 అక్టోబరు 10న టెలిమానస్ అనే ఫోన్ సాయం మొదలైంది. డబ్బులు పడవు. రాత్రీపగలూ పలుకుతారు. తెలుగులో మాట్లాడవచ్చు. గుత్తికోయలకే కాదు, వలస పోయి వచ్చిన నేతన్నకూ, ఆయన ఇంటి ఆమెకూ ఇది పనికొస్తుంది.

ఆ నంబరు 14416.

పలక తీసుకోండి. ఈ అయిదు అంకెలూ రాయండి. తర్వాత ఇంటి గోడ మీద రాయండి. ఏదో ఒకనాడు ఎవరి పోగో తెగుతుంది. అతకడానికి పనికొస్తుంది.